ఆగని పెడల్

మంగళవారం, రాత్రి

గేర్లన్నీ పీకించి సైకిల్‌కు ఫిక్స్‌డ్ వీల్ వేయించి వారం కూడా కాలేదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుందని తెలుసు. ఇక పెడల్‌ను కాళ్లతో వెనక్కి అదిమి ఆపొచ్చు కదా అని వెనక బ్రేక్ కూడా తీయించాను. ఏం తెలివి!

సాయంత్రం రామన్నపేట నుంచి వస్తుంటే వాలు తగిలింది. కింద సగం రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. ఒక అవ్వ నావైపు వీపు పెట్టి, కాళ్లతో వడ్లు తిరగేస్తోంది. పాత అలవాటు కొద్దీ తొక్కడం ఆపి కాళ్లు బిగబట్టాను. పెడల్ ఎదురు తన్ని కాళ్లను విసిరేసింది. గిర్రున తిరిగే పెడల్ మీద మళ్లీ కాళ్లు ఆనించలేకపోయాను. అరిచే వ్యవధి కూడా లేదు. ముందు బ్రేక్ నొక్కితే చక్రం వడ్ల మీద జారింది. అవ్వ కొంగును రాసుకుంటూ పోయి పడ్డాను.

ఆమె వెనక్కి తిరిగి, "వడ్లన్ని ఆగం జేస్తివి గద బిడ్డా, జర చూసుకొని పోరాదా?" అంది. అంతే. ఎంతలో తప్పిందో ఆమెకు తెలియనే లేదు. చెదిరిన వడ్లు దగ్గరకు నెట్టి వచ్చేశాను.

గీరుకుపోయిన మోకాలు చూసి భార్య అడిగితే గుంతలో పడ్డానన్నాను.

పడుకునే ముందు పాప, "బాపూ, రేపు బడికి గీ సైకిల్ మీదనే పోదాం" అంది. ఇందాక బయటికెళ్లి చూస్తే, మెత్తగా ఉంటుందని తన పాత గౌను మడిచి క్యారియర్‌కు కట్టి పెట్టుకుంది.

దీని మీద తనను ఎక్కించకూడదనుకుని, గౌను విప్పేద్దామని కూర్చున్నాను. వేళ్లకు ముడి ఊడి రాలేదు.