షంషాద్ ఒక్కపొద్దులు

జూన్ 13, 1983

రంజాన్ మొదలైంది. ఈ న్యూజెర్సీ ఎండలో ఒక్కపొద్దు ఉండి పేషెంట్లతో మాట్లాడటమంటే సాయంత్రానికి నాలుక పిడచకట్టుకుపోతోంది.

మధ్యాహ్నం షంషాద్ వచ్చింది. చీరాల పిల్ల. భర్త ఖాదర్ వలీ ఫార్మా కంపెనీలో కెమిస్ట్. తెలుగు మాట్లాడే సైకియాట్రిస్టు, అందులోనూ ముస్లిం దొరికిందని నన్ను అక్కా అంటుంది. మనసు జబ్బుకి ఏడాదిగా లిథియం మాత్రల మీద నిలకడగా ఉంది. ఒక్కపొద్దు ఉండొచ్చా అంది. వద్దన్నాను. రోజంతా నీళ్ళు తాగకపోతే ఆ మందే ఒంట్లో పేరుకుని విషమవుతుందని, జబ్బు మనిషికి అల్లా మినహాయింపు ఇచ్చాడని చెప్పాను. నాదేమన్నా జ్వరమా అక్కా, ఎవరికీ కనపడని జబ్బు, మసీదులో ఆడవాళ్ళకి ఏం చెప్పుకోను అంది. నువ్వుంటున్నావుగా అంటూ నా ఎండిన పెదాలకేసి చూసింది. చివరికి సరేనంది.

జూన్ 25, శనివారం

మసీదు హాల్లో ఇఫ్తార్. షంషాద్ నా పక్కనే కూర్చుని ఖర్జూరం నోట్లో వేసుకుంది. ఒక్కపొద్దు లేనివాళ్ళూ వచ్చి కూర్చుంటారు, అందులో వింతేమీ లేదు. కానీ గ్లాసు పట్టుకున్న చెయ్యి బాగా వణికింది. ఒక్కపొద్దు ఉంటున్నావా అని అడగబోయాను. ఆడవాళ్ళని ఆ మాట అడగకూడదని మా అమ్మ నేర్పింది. నెలసరి రోజుల్లో ఒక్కపొద్దు ఉండరు, ఆ సంగతి నలుగురిలో చెప్పడానికి సిగ్గుపడతారు. ఊరుకున్నాను. సోమవారం క్లినిక్‌కి పిలిపించాలి.

జూన్ 26

ఎమర్జెన్సీ నుంచి ఫోన్. షంషాద్‌కి మాట ముద్దయిపోయిందట. వాంతులు, ఫిట్స్. రక్తంలో లిథియం విషమయ్యేంత పెరిగిపోయింది. డయాలసిస్ పెట్టారు.

మొదటి రోజు నుంచీ ఒక్కపొద్దు ఉంటోందని ఖాదర్ వలీ చెప్పాడు. డాక్టరక్కే ఉంటుంటే నాకేమవుతుంది అందట.

చెయ్యి వణుకుతుంటే చూసి కూడా ఎందుకు అడగలేదని నా సూపర్‌వైజర్ అడిగాడు. మర్యాద కాదని అన్నాను. అతనికి అర్థం కాలేదు. నాకూ కావడం లేదు.

జూన్ 29

పోయింది.

జూన్ 30

చివరి స్నానం చేయించడానికి ఆడవాళ్ళు చాలలేదు. నన్ను రమ్మన్నారు. నేనే నీళ్ళు పోశాను. రంజాన్ నెలలో పోయింది, అదృష్టవంతురాలు అంది ఒకావిడ. నోరు మూసుకోమని అరవాలనిపించింది. ఆవిడ ఏడుస్తూనే అంది, పాపం.

జూలై 12

ఈద్. నమాజు అయ్యాక ఖాదర్ వలీ నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. పెళ్ళయ్యాక ఆ పదమూడు రోజులే షంషాద్ జబ్బు మనిషిలా కాకుండా అందరిలా తలెత్తుకుని తిరిగిందని, నన్ను చూసే ఆ ధైర్యం వచ్చిందని చెప్పాడు. థాంక్స్ అన్నాడు.

ఈద్ ముబారక్ అన్నాను.