తొట్టి మీద చప్పుడు

పటాన్‌చెరు
14 ఆగస్టు 1996

సర్,

నిన్న పంపిన ఫలితాలు దయచేసి చించెయ్యండి. కంటి నరాలు కోసిన చేపలు పదో రోజుకే చూపు తిరిగొచ్చి మేత దగ్గరికొస్తున్నాయని, నరాల్లో కాల్షియాన్ని పట్టుకునే ప్రోటీన్ పెరగడమే కారణమని రాసి మురిసిపోయాను. అంతా తప్పు. మేత వేసే శివమ్మ తొట్టి గాజును గోటితో తడుతోంది. ఇవాళే చూశాను. చేపలు ఆ చప్పుడుకు వస్తున్నాయి! మూడు నెలల పని మట్టిపాలు.

ఆమె మీద గట్టిగా అరిచాను.

"కండ్లు లేనియి, ఆకలికి సస్తయని తట్టిన సారూ. ఫ్యాక్టరీల మా ఆయన కండ్లు పోయినంక, గిట్లనే పళ్లెం తట్టి అన్నం పెడ్త," అంది.

చేపలకు చూపొచ్చిందని నిన్న ఆమెకు చెప్పింది నేనే. రాత్రే భర్తకు చెప్పిందట. కాగితమైతే మీరు చించేస్తారు. ఆయనకేం చెప్పను?

మీ విద్యార్థి