పట్టుపురుగుల ఇంట్లో మందు డబ్బా

పెనుకొండ,
18-7-2002.

హిందూపురం పట్టు పరిశ్రమ శాఖ అధికారి గారి సముఖమునకు,

గుట్టకిందపల్లి కాపురస్తురాలు, కీర్తిశేషులు యల్లప్ప భార్య హనుమమ్మ, వయసు డెబ్బై చిల్లర, చెప్పి రాయించుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: చైనా పట్టు నూలును, మన పట్టు నూలును ఒక్క తూకంతో తూచవలెనని పైవారికి తెలియజేయుట గురించి, నా కొడుకు గురించి.

1. మాకు ఎకరన్నర మల్బరీ తోట కలదు. ఇరవై రెండేండ్లుగా పట్టుపురుగులు మేపి, గూళ్లు హిందూపురం మార్కెట్టుకు వేయుచున్నాము. పోయిన యేటి నుండి ధర సగానికి దిగినది. మా గూళ్లలో లోపం లేదు. వేలంలో గూడును చెవి దగ్గర ఊపి చూసినవారే బాగుందని చెప్పి, ధర చెప్పకుండా పక్క కుప్పకు పోవుచున్నారు.

2. కారణం తెలుసుకొనుటకు నేనే బస్సెక్కి ధర్మవరం పోయి, చీరలు నేసే ఆదెప్పను అడిగితిని. అతడు చైనా నూలు చూపించినాడు. నాకు చదువు రాదు గాని నూలు తెలుసు. వేలికి చుట్టి చూసితిని. ఎక్కడా ముడి లేదు. అబద్ధం చెప్పను, మంచి నూలే. "ఇంత మంచిది అంత తక్కువకు ఎట్లొస్తాదప్పా?" అని అడిగితిని. "వాళ్ల వెనకాల వాళ్ల సర్కారు నిలబడి ఉండాది అవ్వా. నీ వెనకాల ఎవరుండారు?" అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూసితిని. అతడు నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు.

3. చైనాలో పురుగులు మేపే ఆడవాళ్లపై నాకు కోపం లేదు. వాళ్లూ తెల్లవారక ముందే లేచి ఆకు కోసేవాళ్లే. వారి నూలు రావద్దని అనను. ఆదెప్ప మగ్గం దానితోనే ఆడుచున్నది. ఖర్చు కన్నా తక్కువకు తెచ్చి గుమ్మరించుటను మాత్రం ఆపవలెను. అందుకు తగిన సుంకం వేయవలెను. మన పట్టు పెద్ద దేశాలకు పోవుటకు అడ్డు లేకుండా చూడవలెను. అప్పుడు కూడా ఓడిపోతే మా చేతకానితనమే అనుకుందుము.

4. ఇక నా కొడుకు సంగతి. ఇది తమ శాఖకు సంబంధించినది కాదని ఈ అర్జీ రాస్తున్న హనుమంతు అన్నాడు. సంబంధం ఉన్నది, రాయమన్నాను. పట్టుపురుగులు మేపే ఇంట్లో పురుగుల మందు ఉండదు. తమకు తెలియనిది కాదు. గాలికి ఆ వాసన తగిలినా తట్టల్లో పురుగులు తలలెత్తి చచ్చిపోవును. పక్క చేనులో శెనక్కాయకు మందు కొట్టినందుకు ఆ ఇంటివారితో మూడేండ్లు మాట్లాడనిదాన్ని. మందు కొట్టి వచ్చిన సొంత అన్ననే గడప తొక్కనివ్వనిదాన్ని. పోయిన సోమవారం మా తట్టల వెనక కొత్త మందు డబ్బా కనబడినది. మేము శెనక్కాయ వేయలేదు. తోటకు కొట్టేది కాదు. ఇంక దేనికి?

5. నా కొడుకు జయరాముడిని అడిగితిని. "ఎలకలకు తెచ్చినాలేమ్మా" అన్నాడు. వానికి నలభై యేండ్లు. అబద్ధం చెప్పడం చిన్నప్పటి నుండి చేతకాదు. కోడలు అలివేలమ్మకు చెప్పలేదు. ఇద్దరం భయపడితే పురుగులకు ఆకు ఎవరు వేస్తారు. నీళ్ల తగాదాలో గొడ్డలి పట్టుకొని నిలబడినదాన్ని, ఇప్పుడు వాడు తోటలోకి పోతే వెనకాలే పోవుచున్నాను. "ఏమ్మా, నా వెంబడే తిరుగుతాండావు?" అన్నాడు. ఆకు కోసేకి అన్నాను. నా చేతిలో కొడవలి లేదు.

కావున తమరు ఇదంతా చిత్తగించి ఢిల్లీకి రాయవలెను. అక్కడి నుండి జవాబు వచ్చుటకు దినాలు పట్టునని తెలుసు. ఈలోగా తోట చూసే నెపంతో ఒకసారి మా ఇంటికి వచ్చి, "జయరాముడూ, ఇంకో పంట మేపు" అని ఒక్క మాట చెప్పిపోవలెను. ఆఫీసరు మాటంటే వానికి గౌరవం.

తమ విధేయురాలు,
హనుమమ్మ
(ఎడమ బొటనవేలి ముద్ర)

జతపరచినవి: చైనా నూలు, ఒక మూర. మందు డబ్బా, ఒకటి, మూత తీయనిది.

మరల మనవి: డబ్బా జాగ్రత్త సామీ. పాతిపెడితే తవ్వుకుంటాడు. బావిలో వేద్దామంటే ఊరు తాగే నీళ్లు. సర్కారు బీరువాలో పెట్టి తాళం వేసుకోండి. వాడొచ్చి అడిగితే ఇయ్యొద్దండి. ఇంకా విచారణలో ఉండాదని చెప్పండి.