రూమియా కుర్చీ

1986 నవంబర్ 3, సోమవారం
జెరూసలేంలో ఆడవాళ్లకి తోరా, అంటే మా యూదుల ధర్మగ్రంథం, నేర్పే క్లాసు దొరకడమే గగనం. నేను చెప్పే క్లాసులో పద్నాలుగు కుర్చీలున్నాయి, వెయిటింగ్ లిస్టులో పదకొండు మంది ఉన్నారు. ఈరోజు చివరి కుర్చీలో కూర్చునే రూమియాని గమనించాను. డెబ్బై ఏళ్లుంటాయి. పుస్తకం తలకిందులుగా పట్టుకుంది! పైగా పెదవులు కదుపుతోంది. కొంగజపం.

నవంబర్ 10, సోమవారం
మళ్లీ తలకిందులే. నేను చూస్తున్నానని తెలిసి పుస్తకాన్ని స్కార్ఫ్ చాటుకి లాక్కుంది. హీటర్ దగ్గర కూర్చోవడానికి వస్తోందా? టీ కోసమా? టీ కాచే ఫ్రూమాని అడిగాను. ఆ ముసలావిడ కప్పు ముట్టుకోను కూడా ముట్టుకోదు, నీకెందుకే అంత కడుపుమంట అంది. ఫ్రూమాకి లోకంలో అందరూ మంచివాళ్లే.
తోరా అందరిదీ అని గోడ మీద రాయించింది నేనే. కాదనను. కానీ కుర్చీలు పద్నాలుగే కదా.

నవంబర్ 12
సోమవారం ఆమెని అందరి ముందూ చదవమంటాను. చదవలేకపోతే కుర్చీ ఖాళీ.

నవంబర్ 17, సాయంత్రం ఏడు
చదవమన్నాను. రూమియా ముఖం పాలిపోయింది. నేనే వెళ్లి ఆమె చేతిలో పుస్తకాన్ని తిన్నగా తిప్పి పెట్టాను, నవ్వుతూ. రెండు మాటల దగ్గరే తడబడింది. వెనకెవరో కిసుక్కుమన్నారు. ఇంక వచ్చే వారం నుంచి రావద్దని చెప్పబోయాను. ఏమీ అనుకోకమ్మా అంటూ ఆమె పుస్తకాన్ని మళ్లీ తలకిందులు చేసి, పేజీ మొత్తం గడగడా చదివేసింది.
యెమెన్‌లో వాళ్ల ఊరికంతా ఒకటే పుస్తకమట. వాళ్ల నాన్న దాన్ని ముందు పెట్టుకుని అన్నలకి చదువు చెప్పేవాడట. ఆడపిల్లకి ఆ పక్కన చోటెక్కడిది? పిండి పిసుకుతూ ఎదురుగా కూర్చునేదట. అటు నుంచి ఎలా కనిపిస్తే అలాగే వచ్చిందమ్మా, తిన్నగా పెడితే నాకు ఒక్క ముక్క అర్థం కాదు అంది. నవ్వుతారని ఇన్నాళ్లూ దాచుకుందట.
నాకు చచ్చేంత సిగ్గేసింది.

నవంబర్ 19
సిగ్గు సిగ్గే, అనుమానం అనుమానమే. ఆ ఒక్క పేజీ బట్టీ పట్టి వచ్చిందేమో? ఈసారి పేజీ నేను తీస్తాను.

నవంబర్ 24
చేతికొచ్చిన పేజీ తీసి, ఆమెకి ఎదురుగా కూర్చున్నాను. ఇద్దరికీ ఒక్క పుస్తకం చాలింది. నేను చదువుతుంటే నావి రెండు తప్పులు పట్టుకుంది.