థర్లో దొర వాగులో నల్లావులు

సఫోక్, 20 ఏప్రిల్ 1868

చిత్రకారులు వెన్ గారికి, రైతు ఎఫ్రాయిమ్ గాడ్బోల్డ్ మనవి.

మా ఇంట్లో బసచేసి మీరు వేసిన మా ఊరి బొమ్మ లండన్ ప్రదర్శనలో గోడెక్కిందని విన్నాను. సంతోషం. అందులో వాగులో నిలబడ్డ మూడు ఎర్రావులూ నావి. వాగూ, పచ్చికా థర్లో దొరగారివి. అక్కడ మేపే హక్కు నాకు లేదు. దొరగారు మే నెలలో ప్రదర్శన చూస్తారట. సెప్టెంబరులో నా కౌలు తిరిగి రాయాలి. రాయకపోతే ఇల్లూ పోతుంది. దయచేసి ఆవుల్ని తీసేయండి.

విధేయుడు,
ఎఫ్రాయిమ్

తా.క. మధ్య ఆవు నుదుటి తెల్లమచ్చ చూస్తే ఊళ్ళో ఎవరైనా నాదేనంటారు.

లండన్, 23 ఏప్రిల్

ప్రియమైన ఎఫ్రాయిమ్ గారూ,

ఆవుల్ని తీసేస్తే మిగిలేది తడిగడ్డి. అదెవరు కొంటారు? కానీ మీ బాధ అర్థమైంది. ఆ తెల్లమచ్చ నేను మరిచేపోయాను! ప్రదర్శన తెరిచేదాకా గోడమీది బొమ్మకు మెరుగులు దిద్దుకోనిస్తారు. ఇవాళే వెళ్ళి మచ్చ పెట్టొచ్చాను. గది ఆ చివరినుంచి కూడా కనిపిస్తోంది.

మీ
సెప్టిమస్ వెన్

తా.క. చెట్టుకింద నిద్రపోతున్న కాపరి మీరే.

సఫోక్, 25 ఏప్రిల్

వెన్ గారికి,

గుర్తుపట్టకూడదయ్యా బాబూ అని మొత్తుకుంటే బొట్టుపెట్టి నిలబెడతారా? ఆవుల రంగు మార్చండి. నా మొహమూ మార్చండి.

ఎఫ్రాయిమ్

తా.క. "దొరికితే దొరికావు, నిద్రపోతూ దొరకాలా?" అంటోంది మా ఆవిడ.

లండన్, 28 ఏప్రిల్

ఎఫ్రాయిమ్ గారూ,

నిశ్చింతగా ఉండండి. ఆవులిప్పుడు బొగ్గంత నలుపు, మచ్చ లేదు. కాపరికి మీ మొహం తీసేసి, ఆ రోజు గుర్రం మీదొచ్చి దారికడ్డమని నన్ను కసిరిన లావుపాటాయన మొహం పెట్టాను. ఎవరో ఏమో.

మీ
వెన్

తా.క. ముక్కు ఎరుపు అద్భుతంగా కుదిరింది.

సఫోక్, 9 జూన్

వెన్ గారికి,

ఆయనే థర్లో దొర. బొమ్మ కొనేశారు. ఇంత హాయిగా తాను ఎన్నడూ నిద్రపోలేదని మురిసిపోయి హాల్లో తగిలించారు. నిన్న నన్ను పిలిపించారు. "ఏమోయ్, ఏడేళ్ళు కౌలు రాసిస్తాను. సోమవారం అతిథులు వస్తున్నారు. బొమ్మలోలాగే ఆ మూడు నల్లావులూ వాగులో నిలబడి ఉండాలి" అన్నారు.

ఈ చుట్టుపక్కల అన్నీ ఎర్రావులే. నల్లావు ఒక్కటీ లేదు. పొయ్యిమసి పూసి చూశాం. పొద్దుటికల్లా ఒకదాన్నొకటి శుభ్రంగా నాకేసుకున్నాయి.

తిరుగుటపాలో జవాబివ్వగలరు.

ఎఫ్రాయిమ్

తా.క. మీ నల్లరంగు చేదేనా?