గుంత ఆరినాక

ధర్మవరం,
20-11-2005

అత్తకు నీ చిన్నకోడలు సుజాత దండం పెట్టి రాసేది ఏమంటే,

ఈడ అందరం బాగుండాము, ఆడ మీరూ బాగుండారని తలుస్తా అని మొదలుపెట్టాల. ఆ అబద్ధం నా చేత కాదు. నీ కొడుకు బాగలేడు, నేనూ బాగలేను. పాప హేమ మాత్రం బడికి పోతాండాది. అడిగినావు కాబట్టి చెప్తాండా.

ముదిగుబ్బ నుంచి లింగన్న బావ చేత రాయించిన జాబు అందింది. నా నోటికి జడిసి నీ కొడుకు మూలకు చేరినాడంటివి. నా నోరు ఉగాదికీ ఇదే, దసరాకీ ఇదే. మరి ఎండకాలమంతా పొద్దు పుట్టకముందే మగ్గం గుంతలోకి దిగి, పాడుకుంటా నేసేది ఎవరు? ఆయన మాదిరి అంచు కలిపే మనిసి ఈ వీధిలో ఇంకొకడు లేడు. అప్పుడు నా నోరు యాడికి పోయింటుంది?

వానొస్తే గుంతలో చెమ్మ ఊరుతాది, పట్టు పడుగు సాగుతాది, అందరి మగ్గాలూ నిలబడతాయి. మొగోళ్లంతా అరుగుల మీద పులిజూదం ఆడతారు. ఆయనా వాళ్ల పక్కన ఊరికే కూర్చునేవాడు. నేసేవాళ్ల ఇండ్లల్లో అది మామూలే, అందుకే మూడేండ్లు నాకు కనిపెట్టే తెలివి లేకపోయింది. గుంత ఆరినాక అందరూ దిగినారు, ఈయన దిగలేదు. బద్ధకమనుకున్నా. సోమరిపోతా అని నోటికొచ్చినట్ల తిట్టినా. అది నా తప్పే. ఇప్పుడు వరస తెలిసిపోయింది. మొదటి ముసురుకు మాట తగ్గుతాది, తర్వాత తిండి, తర్వాత స్నానం. శివరాత్రి దగ్గరికొస్తే తనంతట తానే లేస్తాడు. ఈ కరువు సీమలో మబ్బు కనపడితే జనం చేతులెత్తి మొక్కుతారు. నేను తిడతా. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నువ్వు నన్ను ఊరికే అనలేదులే.

తాయెత్తు కట్టినావా అని అడిగితివి. కట్టినా. తెంచి పారేసినాడు. డాక్టరుకు యాల చూపించలేదంటివి. పోయినేడు నేనూ బావా అనంతపురం పెద్దాసుపత్రికి పిల్చుకొని పోయింది మర్చిపోయినావా? ఆ డాక్టరమ్మ నిమ్మళంగా చెప్పింది, కాలంతో వచ్చే దిగులు ఇది, మాత్రలు తింటే తగ్గుతాది అని. ఇంటికొచ్చి ఆ మాత్రలు చెత్తలో వేసినాడు. "నాకేమన్నా పిచ్చా? మా ఇంట్లో ఎవరికుండాది ఇట్లాంటిది?" అన్నాడు.

ఇంక దాచి లాభం లేదు, చెప్తా విను. చెత్తలోంచి ఆ మాత్రలు నేను ఏరి డబ్బాలో పెట్టినా. ఈ కార్తీకంలో నూరి మజ్జిగలో కలిపి ఇచ్చినా. ఆరు దినాలు తాగినాడు. ఏడో దినం గ్లాసు అడుగున తెల్లగా కనపడితే వేలితో తీసి చూసినాడు. "ఏందిది?" అన్నాడు. చెప్పినా. అరవలేదు, కొట్టలేదు. "నీ చేత్తో పెట్టేది ఇంక తినను" అని గోడవైపు తిరిగి పండుకున్నాడు. నాలుగు దినాలాయ. అంగట్లో బన్ను, కొళాయి నీళ్లు, అంతే. ఎస్టీడీ బూతు నుంచి డాక్టరమ్మకు ఫోన్ చేస్తే నన్నే తిట్టింది. తెలీకుండా పెట్టేది వైద్యం కాదు, మనిసి తానుగా రావాల అనింది. ఉన్న నమ్మకం నేనే పోగొట్టుకున్నా. పదిమందికి చెప్పుకో పో, నీకు పండగే.

అయితే నీ తప్పూ ఒకటుండాది. మొన్న నీ చెల్లెలు చిన్నక్కత్త చూసేకి వచ్చింది. ఆయన్ను చూసి గడప కాడనే కూలబడింది. "అచ్చం మీ మామ మాదిరే" అనింది. మామ కూడా ప్రతి వానకాలం ముసుగు తన్ని పండుకునేవాడంట. కార్తీకంలోనే బావికి పోయినాడంట. నీళ్లు చేదుతా కాలు జారినాడని ఊరికి చెప్పినావు, బిడ్డలకు చెప్పినావు, పెండ్లప్పుడు మా నాయనకూ చెప్పినావు. కాలు జారలేదంట కదా అత్తా.

ముందే తెలిసుంటే మూడేండ్లు ఆయన్ను అన్ని మాటలు అనుండను. నీ పరువు నిలబెట్టుకునేకి నీ కొడుకును నా నోటికి అప్పజెప్పినావు.

చిన్నక్కత్త మాటలు ఆయన చెవిన పడినాయి. నిన్న నన్ను పిలిచినాడు. "మా నాయన నిజంగా కాలు జారినాడా?" అని అడిగినాడు. నాకు తెల్దన్నా. "అమ్మకు తెలుసు" అన్నాడు. మళ్లా గోడవైపు తిరిగినాడు.

ఇంతవరకూ నిన్ను ఏదీ అడిగింది లేదు. ఇప్పుడు అడుగుతాండా. జాబు అందినాక వచ్చే మొదటి బస్సెక్కు. నీ చేత్తో రెండు ముద్దలు కలిపి పెట్టు. మీ నాయనకూ ఇదే ఉండింది, చూపించక పోగొట్టుకున్నా, నిన్ను పోగొట్టుకోను అని నీ నోటితో చెప్పు. డాక్టరు కాడికి నువ్వు పిలిస్తే వస్తాడేమో. నేను పిలిస్తే రాడు. నన్ను తిట్టాలనుంటే వీధిలో నిలబడి తిట్టు, ఎదురు మాట్లాడను.

పొద్దన్నుంచి కండెలు చుట్టేది వదిలి మూడుసార్లు ఆయన్ను చూసొచ్చినా. ఆ పొద్దు మామ కడవ తీసుకొని బావికి పోతాంటే నువ్వు ఆపలేదు. అప్పుడు నీకు తెల్దు, పాపం. నాకు తెలుసు. తెలిసి, ఒక్కదాన్నే ఈ వాకిలి కాపలా కాయలేను అత్తా.

ఇట్లు,
నీకు గిట్టని నీ కోడలు
సుజాత