తాడు బిగువు

నవాగామ్, 2020 మే, శనివారం రాత్రి

లాక్‌డౌన్‌తో మగ్గాలు ఆగిపోయాక ఈ నిశ్శబ్దంలో నాకు నిద్ర పట్టడం లేదు. మా ఆవిడ గురకతో సాయం చేస్తూనే ఉంది గానీ, ఒక్క మనిషి ఎన్ని మగ్గాల చప్పుడు చేయగలదు? సరే, ఆ సంగతి కాదు.

శాంతిసేనతో పరదేశపు ఎడారికి వెళ్లిన మనవడు నరేశ్ సాయంత్రం ఫోన్ చేశాడు. కొత్తగా వచ్చాడని క్వారంటైన్ పేరుతో వాణ్ణి శిబిరం చివర గుడారంలో ఒంటరిగా ఉంచారు. ఇసుక తుఫానులో ఏమీ కనబడదు గనుక, గుడారం నుంచి నీళ్ల ట్యాంకుకు కట్టిన తాడు పట్టుకుని నడవాలట.

"ఇయ్యాల గట్లనే పోయిన తాతా. దుమ్ము తగ్గినంక సూస్తే ట్యాంకు ఎక్కడ్నో పక్కకుంది. నేను ఎడారిల నిలబడ్డ. తాడు కొస నా చేతిల ఉంది."

"ముడి ఊడింది, గంతేరా. జ్వరం గిట్ల ఉందా?"

"లేదు." వాడూ మగ్గాల మధ్య పెరిగినవాడే. "ముడి ఊడితే తాడు వదులైతది గద తాతా? నా ముంగట ఆఖరిదాంక బిగ్గనే ఉండె."

"గాలికి బిగుసుకుంటది" అన్నాను. ఇన్నేళ్లు దారాలతో బతికాను. కొస పట్టుకునేవాడు లేకుండా బిగుసుకున్న దారాన్ని ఒక్కసారీ చూడలేదు.

అంతలో లైన్ పోయింది. ఎన్నిసార్లు చేసినా కలవడం లేదు. తెల్లారితే వాడు నీళ్లకు మళ్లీ అటే వెళ్లాలి.